ఎక్స్‌రే బాగుంది, మరి ఆయాసం ఎందుకు?

పాఠకుల ప్రశ్నలు, నిపుణుల జవాబులు

మిలిటరీలో ఉండగా చెత్త కాల్చిన పొగ పీల్చి, ఇప్పుడు దగ్గు, ఆయాసంతో బాధపడుతున్నవాళ్ల నుంచి, వాళ్ల ఇంటివాళ్ల నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఊపిరితిత్తుల వైద్యులు, మాజీ సైనికుల పింఛను కేసులు చూసే న్యాయవాది కలిసి జవాబులిచ్చారు.

సార్, నాకు 47 ఏళ్లు. 22 ఏళ్లు ఆర్మీలో చేసి హవల్దార్‌గా బయటికొచ్చాను. లడఖ్ వైపు ఎత్తైన పోస్టులో రెండు విడతలు ఉన్నాను. ప్లాస్టిక్ సీసాలు, రంగు డబ్బాలు, పాత టైర్లు, బ్యాటరీలు అన్నీ గుంతలో వేసి కిరోసిన్ పోసి కాల్చేవాళ్లం. బంకర్లో చలికి వెలిగించే బుఖారీ పొయ్యి పొగ వేరే. బీడీ, సిగరెట్ అలవాటు లేదు. ఇప్పుడు అలిపిరి మెట్లెక్కితే గాలిగోపురం చేరేలోపే నాలుగు సార్లు కూర్చోవాల్సి వస్తా ఉంది. ఎక్స్‌రే బాగుందన్నారు. వయసు, ఒళ్లు అని చెప్పి పంపించేశారు. ఏం చేసేది?
– చంద్రగిరి

వయసు అని సరిపెట్టుకోకండి. 47 అంత వయసేమీ కాదు. ఎక్స్‌రేలో నిమ్ము, నీరు, పెద్ద మచ్చలు, గడ్డలు కనిపిస్తాయి. పొగ ముందుగా దెబ్బతీసేది 2 మిల్లీమీటర్ల కంటే సన్నగా ఉండే చివరి గాలిగొట్టాలను. అవి ఎక్స్‌రేకి అందవు. తల వెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్లుంటే, పొగలో 2.5 మైక్రాన్ల కంటే చిన్న నుసి ఉంటుంది. ముక్కులో, గొంతులో ఆగకుండా అది నేరుగా ఆ సన్నగొట్టాల దాకా దిగుతుంది.

గుంతలో కాల్చిన చెత్త అంత చేటు చేయడానికి కారణం వేడి చాలకపోవడమే. చెత్త దహన యంత్రంలో పొగను 850 డిగ్రీల పైన కనీసం రెండు సెకన్లు నిలబెడతారు. గుంతలో కిరోసిన్ పోసినప్పుడు పైపైన భగ్గుమంటుంది, తర్వాత అడుగున గంటలకొద్దీ కుములుతుంది. ఆ కుమిలే పొగే విషం. పి.వి.సి. ప్లాస్టిక్ నుంచి హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి, డయాక్సిన్లు వస్తాయి. పరుపుల ఫోమ్ నుంచి సైనైడ్ వాయువు, బ్యాటరీల నుంచి సీసం, కాడ్మియం వస్తాయి. బంకర్లో బుఖారీ మసి, కార్బన్ మోనాక్సైడ్ దీనికి తోడయ్యాయి.

మీలాంటి అనుభవం అమెరికా సైనికులకు పెద్ద ఎత్తున ఎదురైంది. ఇరాక్‌లోని బలద్ స్థావరంలో చెత్త గుంత సుమారు పదెకరాలు. విమానాలకు వాడే ఇంధనం పోసి కాల్చేవారు. ఇరాక్, అఫ్గానిస్థాన్‌ల నుంచి తిరిగొచ్చి రెండు మైళ్లు పరుగెత్తలేకపోతున్న 80 మంది సైనికులను పరీక్షించి 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. వాళ్లలో 49 మందికి ఊపిరితిత్తి ముక్క తీసి చూస్తే 38 మందిలో సన్నగొట్టాలు మచ్చకట్టి బిగుసుకుపోయి ఉన్నాయి. దీన్ని కన్‌స్ట్రిక్టివ్ బ్రాంకియోలైటిస్ అంటారు. వాళ్లలో చాలామంది ఎక్స్‌రేలు, ఊదుడు పరీక్షలు మామూలుగానే వచ్చాయి. చాలామంది 2003లో మోసుల్ దగ్గర గంధకం గని తగలబడినప్పుడు ఆ పొగలో ఉన్నవాళ్లు కూడా. కాబట్టి తప్పంతా చెత్త గుంతదే అనలేం. అయితే రిపోర్టు బాగుందని మనిషి మాట కొట్టిపారేయకూడదని మాత్రం ఆ అధ్యయనం గట్టిగా చెప్పింది.

మీకూ అదే జబ్బు ఉందని మేం అనడం లేదు. ఆస్తమా, రక్తం తక్కువ కావడం, గుండె బలహీనత, టీబీ ఇంకా ఎక్కువగా కనిపించేవి. అందుకే పరీక్షలు వరసగా జరగాలి.

డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు ఒక తెల్లకాగితం మీద మీ పొగ చరిత్ర రాయండి. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఏ పోస్టు, గుంత మీరు పడుకునే చోటికి ఎన్ని అడుగుల దూరం, ఏమేం కాల్చేవారు, వారానికి ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని గంటలు, మంట వేసే పని మీదేనా, ముక్కుకి ఏం కట్టుకునేవారు, అప్పుడే దగ్గు, నల్లటి కళ్లె, కళ్ల మంట వచ్చాయా, మెడికల్ ఇన్‌స్పెక్షన్ (ఎం.ఐ.) రూముకి వెళ్లారా. గంటలు లెక్కవేయండి. ఉదాహరణకు రోజుకు 2 గంటలు, వారానికి 6 రోజులు, 22 నెలలంటే సుమారు 1,140 గంటలు. 'కొంచెం పొగ ఉండేది సార్' అంటే డాక్టరు రాసుకునేదేమీ ఉండదు. 1,140 గంటలు అంటే రాసుకుంటారు. ఈ కాగితం తర్వాత పింఛను కేసులోనూ పనికొస్తుంది.

మొదట రక్తంలో హిమోగ్లోబిన్, ఈ.సి.జి., ఎకో అనే గుండె స్కాన్. దగ్గు రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష. టీబీ పరీక్ష ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. కళ్లె పరీక్ష లేకుండా 'ఎందుకైనా మంచిది' అని టీబీ మందులు మొదలుపెట్టడానికి ఒప్పుకోవద్దు.

తర్వాత స్పైరోమెట్రీ, అంటే ఊదుడు పరీక్ష. ఊరికే ఊదితే సరిపోదు. గొట్టం చుట్టూ పెదాలు బిగించి, గుండెల నిండా గాలి పీల్చి, ఒక్క దెబ్బలో బలంగా వదిలి, కనీసం ఆరు సెకన్లు ఆపకుండా ఊదాలి. మెల్లగా మొదలుపెట్టినా, మధ్యలో దగ్గినా, మూడు సెకన్లకే ఆపేసినా లెక్క తప్పుతుంది. ఒకదానికొకటి దగ్గరగా ఉన్న మూడు మంచి ఊదుళ్లు రావాలి. తర్వాత గాలిగొట్టాలు తెరిచే సాల్బుటమాల్ మందు 400 మైక్రోగ్రాములు ఇచ్చి 15 నుంచి 20 నిమిషాలాగి మళ్లీ ఊదిస్తారు. పరీక్షకు రెండు గంటల ముందు కడుపునిండా తినకండి. వెంటనే పనిచేసే ఇన్‌హేలర్ వాడుతుంటే ఎన్ని గంటల ముందు ఆపాలో డాక్టర్ని అడగండి.

ఇక్కడే సైనికుల విషయంలో పొరపాటు జరుగుతుంది. ఊదిన గాలి ఆ వయసు, ఎత్తు మనిషికి ఉండాల్సిన దానిలో 80 శాతం దాటితే రిపోర్టులో మామూలు అని రాస్తారు. ఆ లెక్క సగటు మనిషిది. భర్తీ నాటికి 110 శాతంతో పరుగెత్తిన జవాను ఇవాళ 84కి దిగినా కాగితం మీద మామూలే. పోయిన నాలుగో వంతు ఊపిరి ఎవరి లెక్కలోకీ రాదు. అందుకే ఒక్క రిపోర్టు కాదు, ఏడాదికొకటి చొప్పున వరసగా పెట్టుకుని చూడాలి. మొదటి సెకనులో ఊదే గాలి వయసుతో ఏడాదికి 25, 30 మిల్లీలీటర్లు తగ్గడం సహజం. దానికి రెట్టింపు పడిపోతుంటే జబ్బు నడుస్తోందనే అనుకోవాలి.

స్పైరోమెట్రీ బాగుండి ఆయాసం మాత్రం నిజంగా ఉంటే డి.ఎల్.సి.ఓ. అనే వాయుమార్పిడి పరీక్ష, ఆరు నిమిషాల నడక పరీక్ష, ఊపిరితిత్తులను సన్నని పొరలుగా చూపే హెచ్.ఆర్.సి.టి. స్కాన్ అడగండి. స్కాన్ చీటీ మీద గాలి పీల్చినప్పుడే కాకుండా పూర్తిగా వదిలాక కూడా తీయాలని డాక్టరు చేత రాయించండి. సన్నగొట్టాలు మూసుకుపోతే గాలి లోపలే చిక్కుకుంటుంది. అది వదిలాక తీసిన బొమ్మలోనే తెలుస్తుంది. ఇవన్నీ అయ్యాక కూడా తేలకపోతేనే ముక్క పరీక్ష మాట. అది ఆపరేషన్, అందరికీ అక్కర్లేదు.

ముందు మీ ఇ.సి.హెచ్.ఎస్. (మాజీ సైనికుల వైద్య పథకం) పాలీక్లినిక్‌లో చూపించుకుని, ఊపిరితిత్తుల నిపుణుడికి రిఫరల్ తీసుకోండి. రిఫరల్ లేకుండా నేరుగా వెళ్తే బిల్లు మీ మీదే పడుతుంది. ప్రాణం మీదికొస్తే మాత్రం ఏ ఆసుపత్రిలోనైనా చేరవచ్చు, 48 గంటల్లో పాలీక్లినిక్‌కి తెలపాలి. తిరుపతిలో స్విమ్స్, రుయాల్లో, వేలూరు సి.ఎం.సి.లో ఊపిరితిత్తుల విభాగాలున్నాయి. మీకు దగ్గర్లో ఏ ఆసుపత్రి ఇ.సి.హెచ్.ఎస్. జాబితాలో ఉందో పాలీక్లినిక్‌లో అడిగి వెళ్లండి.

అలిపిరిలో 3,550 మెట్లు. మొక్కు ఉన్నా, పరీక్షలయ్యేదాకా వాటి జోలికి వెళ్లకండి. కళ్లెలో రక్తం, ఉన్నట్టుండి బరువు తగ్గడం, కాళ్ల వాపు, కూర్చుని ఉన్నా ఆక్సిజన్ 92 కంటే తగ్గడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

మా ఇంటాయన మిలిటరీ నుంచి వచ్చినాక ఏజెంటు ద్వారా కువైట్ పోయి, అక్కణ్ణుంచి ఇరాక్‌లో అమెరికా వాళ్ల క్యాంపులో మూడేళ్లు వంటశాల స్టోర్లో చేసినారు. క్యాంపు పక్కనే రాత్రింబగళ్లు చెత్త కాలుతా ఉండేదంట. ఇప్పుడు ఊపిరితిత్తుల జబ్బని తేలింది. అమెరికాలో ఇలాంటి వాళ్లకి చట్టం చేసి డబ్బులిస్తా ఉన్నారని విన్నాం. మాకు వస్తుందా?
– పలమనేరు

అమ్మా, మీరు విన్నది 2022 ఆగస్టు 10న సంతకమైన పాక్ట్ చట్టం గురించి. హీత్ రాబిన్సన్ అనే సార్జెంట్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 2020లో చనిపోయాక ఆయన పేరు మీద వచ్చింది. అంతకుముందు చెత్త పొగ క్లెయిముల్లో నాలుగింట మూడొంతులకు పైగా తిరస్కరించారు. ఏ రోజు ఏ పొగ పీల్చావో రుజువు చేయమంటే ఏ సైనికుడు చేయగలడు? ఈ చట్టం ఆ భారం తీసేసింది. ఆ ప్రాంతంలో పనిచేసి, జాబితాలోని 20కి పైగా జబ్బుల్లో ఒకటి వస్తే, అది పొగ వల్లే వచ్చిందని ప్రభుత్వమే ఒప్పుకుంటుంది. కానీ అది అమెరికా సైన్యంలో చేసినవాళ్లకే. మీ ఆయనకు వర్తించదు.

మీకు పనికొచ్చేది ఇంకొకటుంది, దాని గురించి మనవైపు చెప్పేవాళ్లు తక్కువ. పేరు డిఫెన్స్ బేస్ యాక్ట్, 1941 నాటిది. విదేశాల్లో అమెరికా సైనిక కాంట్రాక్టుల కింద పనిచేసేవాళ్లకు, వాళ్లు ఏ దేశస్థులైనా సరే, సబ్ కాంట్రాక్టరు పెట్టుకున్నవాళ్లైనా సరే, ఆ పని వల్ల దెబ్బ తగిలినా జబ్బు చేసినా వైద్యం, పరిహారం ఇవ్వాలి. మనిషి పోతే భార్యకు హక్కుంటుంది. క్లెయిము అమెరికా కార్మిక శాఖలో వేయాలి. వేయడానికి ఫీజు లేదు.

గడువు మాత్రం గట్టిది. నెమ్మదిగా బయటపడే వృత్తి జబ్బు అయితే, అది పని వల్ల వచ్చిందని, దానివల్లే శక్తి తగ్గిందని తెలిసిన నాటి నుంచి ఏడాదిలోపు నోటీసు, రెండేళ్లలోపు క్లెయిము. అంటే డాక్టరు 'ఇది అక్కడి పొగ వల్ల కావచ్చు' అని రాసిచ్చిన తేదీ మీకు చాలా ముఖ్యం. ఆ చీటీ పారేయకండి. పాత కాంట్రాక్టు, పాస్‌పోర్టులో ముద్రలు, క్యాంపు గుర్తింపు కార్డు, జీతం పడిన బ్యాంకు పుస్తకం, తేదీ ఉన్న ఫోటోలు, కలిసి పనిచేసిన ఇద్దరి రాతపూర్వక వాంగ్మూలాలు సేకరించండి. ఈ కేసుల్లో వకీలు ఫీజును అక్కడి అధికారులే ఆమోదించాలి, కేసు గెలిస్తే సాధారణంగా యజమాని లేదా బీమా కంపెనీయే ఇస్తుంది. కాబట్టి ముందే శాతం మాట్లాడుకుని డబ్బు కట్టమనే ఏజెంటుకు పైసా ఇవ్వకండి.

ఆర్మీ నుంచి బయటికి పంపేముందు చేసే రిలీజ్ మెడికల్ బోర్డు పరీక్షలో ఆస్తమా అని, 20 శాతం అని రాసినారు. సర్వీసుకు సంబంధం లేదని డిసెబిలిటీ పింఛను కొట్టేసినారు. 2016లో బయటికొచ్చాను. ఇప్పుడేమైనా దారి ఉందా?
– పుంగనూరు

ఉంది. మొదట మీ మెడికల్ బోర్డు కాగితాల నకలు సంపాదించండి. ఫారం పేరు ఎ.ఎఫ్.ఎం.ఎస్.ఎఫ్.-16. మీ రికార్డ్ ఆఫీసుకు రాయండి, జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడగండి. అందులో రెండు చోట్ల చూడాలి. ఒకటి, మీరు పనిచేసిన చోట్ల జాబితాలో ఎత్తైన పోస్టు, ఫీల్డ్ ఏరియా సరిగా రాశారా అన్నది. రెండు, సంబంధం లేదు అనడానికి కారణం రాశారా, లేక ఒక్క ముక్కతో తేల్చేశారా అన్నది.

ఎందుకంటే 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1982 నాటి పింఛను నియమాల మీద ఇలా తేల్చింది: భర్తీ నాటి పరీక్షలో ఆ జబ్బు నమోదు కాకపోతే, అది సర్వీసులోనే వచ్చిందని అనుకోవాలి. కాదంటే కారణం చెప్పాల్సింది బోర్డే. సైనికుడు రుజువు చేయనక్కర్లేదు. షేప్ వన్‌లో, అంటే పూర్తి ఆరోగ్యవంతుడిగా చేరి ఆస్తమాతో బయటికొచ్చిన మనిషి విషయంలో ఇది బలమైన ఆధారం. మీరు 2008 నియమాల కాలంలో బయటికొచ్చారు కాబట్టి ఈ తీర్పుతో పాటు పొగ చరిత్ర, యూనిట్‌లో తోటివాళ్ల వాంగ్మూలం, ఎం.ఐ. రూములో చూపించుకున్న నమోదులు జోడిస్తేనే కేసు నిలబడుతుంది. 2023 సెప్టెంబరు 21 తర్వాత బయటికొచ్చినవాళ్లకు నియమాలు మళ్లీ మారాయి, వాళ్లు పాత అర్జీలను నకలు కొట్టి పంపితే తప్పుతుంది.

మీ 20 శాతం చిన్నదనుకోకండి. డిసెబిలిటీ పింఛనుకు కనీస హద్దు అదే. సంబంధం ఉందని ఒప్పుకుంటే 50 కంటే తక్కువ ఉన్నదాన్ని 50కి పెంచి లెక్కకట్టే పద్ధతి ఉంది. పూర్తి సర్వీసు చేసి వచ్చినవాళ్లకూ అది వర్తిస్తుందని 2014 డిసెంబరు 10న సుప్రీంకోర్టు చెప్పింది. దారి ఏమిటంటే మొదటి అప్పీలు, రెండో అప్పీలు, ఆ తర్వాత సాయుధ దళాల ట్రిబ్యునల్. మన రాష్ట్రం చెన్నై బెంచి పరిధిలో ఉంది. ఆలస్యమైందని భయపడి మానేయకండి. పింఛను నెలనెలా వచ్చే హక్కు కాబట్టి ఆలస్యాన్ని మన్నిస్తారు, కానీ బకాయిలను చాలా కేసుల్లో కేసు వేయడానికి ముందు మూడేళ్లకే పరిమితం చేశారు. అంటే ఆగే కొద్దీ మీ డబ్బే పోవచ్చు. చిత్తూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అర్జీ రాయడానికి సాయం అడగండి.

బెల్లం తింటే ఊపిరితిత్తుల్లో మసి కడుక్కుపోతుందని మావైపు అంటారు. డయాక్సిన్ తీసేసే మందులు కూడా అమ్ముతా ఉన్నారు. వాడొచ్చా?
– తవణంపల్లె

కడుక్కుపోదు. బెల్లం కడుపులోకి పోతుంది, మసి ఉండేది ఊపిరితిత్తుల్లో. షుగరు ఉన్నవాళ్లకు రోజూ బెల్లం నష్టమే. డయాక్సిన్లు కొవ్వులో చేరి కూర్చుంటాయి, సగం తగ్గడానికే 7 నుంచి 11 ఏళ్లు పడుతుంది. వాటిని బయటికి లాగేస్తామనే పొడులకు, కషాయాలకు డబ్బు పోయకండి. సీసం పరీక్ష గురించి కూడా ఒక మాట: రక్తంలో సీసం ఇటీవలి నెలల సంగతే చెబుతుంది. పదిహేనేళ్ల కిందట పీల్చింది ఎముకల్లో ఉంటుంది, ఆ రిపోర్టు బాగుందని పాత పొగ లేదని కాదు.

మా నాన్నకి ఇన్‌హేలర్ రాసిచ్చారు. అలవాటైపోతుందని వాడటం లేదు. ఊళ్లో ఆర్.ఎం.పి. దగ్గర సూది వేయించుకుంటే రెండు రోజులు హాయిగా ఉంటుందంటారు.
– శ్రీకాళహస్తి

ఆ హాయి చాలాసార్లు స్టెరాయిడ్ది. సూదిలో, మాత్రలో వెళ్లే మందు ఒళ్లంతా పాకి షుగరు, బీపీ పెంచుతుంది, ఎముకలు గుల్ల చేస్తుంది. ఇన్‌హేలర్‌లో మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, అది కావలసిన చోటికే పోతుంది. అలవాటు పడేది కాదు. బీపీ మాత్రను రోజూ వేసుకుంటే అలవాటు పడ్డామనం కదా.

వాడినా గుణం లేదంటే చాలావరకు వాడే తీరే తప్పు. నొక్కే రకం అయితే దానికి తగిలించే స్పేసర్ అనే గొట్టం కొనివ్వండి. డబ్బా బాగా ఊపి, గాలి పూర్తిగా వదిలి, స్పేసర్ నోట్లో బిగించి, ఒక్కసారే నొక్కి, మెల్లగా లోతుగా పీల్చి, పది సెకన్లు బిగపట్టాలి. రెండో మోతాదుకు అర నిమిషం నుంచి నిమిషం ఆగాలి. రెండుసార్లు వరసగా నొక్కితే మందు స్పేసర్ గోడలకే అంటుకుంటుంది. పొడి రకం అయితే పద్ధతి తిరగబడుతుంది: మెల్లగా కాదు, బలంగా పీల్చాలి. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ తర్వాత నీళ్లు పుక్కిలించి ఉమ్మేయమనండి, లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది. ఏటా ఫ్లూ టీకా, డాక్టరు చెప్పినట్టు న్యుమోనియా టీకా మరవకండి.

మాజీ సైనికుణ్ణి. చెత్త డంపింగ్ యార్డులో సెక్యూరిటీ డ్యూటీ. ఎండాకాలం కుప్పలు అంటుకుంటాయి. పాత ఆయాసం ఉంది. మాస్కు పెట్టుకుంటే చాలా?
– తిరుపతి

చాలదు. మొదట, ఆయాసం ఉన్నట్టు మీ ఏజెన్సీకి రాతపూర్వకంగా ఇచ్చి డ్యూటీ మార్పించుకోండి. ఒకసారి దెబ్బతిన్న ఊపిరితిత్తులకు రెండో పొగ మామూలు మనిషికి తగిలినట్టు తగలదు. మారేదాకా ఈ జాగ్రత్తలు.

తువ్వాలు, గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు సన్న నుసిని ఆపవు. ఎన్95 ఆపుతుంది, అదీ ముఖానికి అతుక్కుంటేనే. గడ్డం ఉంటే పక్కల నుంచి గాలి లోపలికొస్తుంది. రెండు చేతులతో మూసి గట్టిగా ఊదినప్పుడు ముక్కు దగ్గర గాలి తగిలితే సర్దుకోవాలి. అయితే ఎన్95 వాయువులను ఆపదు. కార్బన్ మోనాక్సైడ్ దాని గుండా నేరుగా పోతుంది. తలనొప్పి, వికారం, కాళ్లు తేలిపోవడం అనిపిస్తే అది అలసట కాదు, గాలి వీచే దిక్కుకు అడ్డంగా నడిచి పొగలోంచి బయటికి వెళ్లండి.

పాత కుప్పలో మంట అడుగున మీథేన్‌తో నడుస్తుంది. పైనుంచి బకెట్లతో నీళ్లు కొడితే పొగ పెరుగుతుందే తప్ప ఆరదు. తవ్వి విడదీసి తడపాలి, లేదా మట్టితో కప్పి గాలి ఆపాలి. అది అగ్నిమాపక సిబ్బంది, జె.సి.బి.ల పని. ఒంటరిగా కుప్ప ఎక్కవద్దు, లోపల గుల్లగా కాలి కాలు దిగబడుతుంది. డ్యూటీ బట్టలు ఇంటి బట్టలతో కలిపి ఉతకకండి. మంట వచ్చిన తేదీలు, గంటలు అదే పొగ చరిత్ర కాగితంలో రాసుకోండి.

భోగికి మా వీధి చివర టైర్లు, ప్లాస్టిక్ వేసి కాలుస్తారు. మా మామగారు మాజీ సుబేదార్, సి.ఓ.పి.డి. (గాలిగొట్టాలు బిగుసుకుపోయే దీర్ఘకాలిక జబ్బు) ఉంది. ఆ రోజు ఇంట్లో ఏం చేయాలి?
– మదనపల్లె

ముందురోజే వీధివాళ్లతో మాట్లాడి కట్టెలు, పిడకలతో చిన్న మంట, అదీ ఇంటికి దూరంగా వేయించండి. కట్టెల పొగా మంచిది కాదు, కానీ టైరు పొగతో పోల్చలేం. బహిరంగంగా చెత్త కాల్చడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో నిషేధించి మామూలు మంటకు 5,000, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయల జరిమానా పెట్టింది. ఆ మాట వార్డు సచివాలయంలో చెప్పవచ్చు.

తెల్లవారుజామున మంట వేయకముందే మామగారిని మంటకు దూరంగా ఉన్న గదిలో ఉంచి కిటికీలు మూసి, తలుపు కింద సందుకు తువ్వాలు పెట్టండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయకండి, అది లోపలి గాలిని బయటికి తోసి ఆ ఖాళీలోకి వీధి పొగను లాగుతుంది. మూసిన గదిలో అగరొత్తి, సాంబ్రాణి, దోమల చుట్ట వెలిగించవద్దు. వెంటనే పనిచేసే ఇన్‌హేలర్, స్పేసర్ మంచం పక్కనే ఉండాలి, డబ్బాలో ఎన్ని మోతాదులు మిగిలాయో ముందురోజే చూడండి. పొగ పూర్తిగా పోయాక కిటికీలు తీసి, నేలను చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి.